మూడు సోలల దండగ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి ఉంది, ఏనుగు ఉంది. కాని పిల్లలూ, ఇది వాటి కథ కాదు. ఇది ఒక ధాన్యం కొట్టు కథ.

రెండు వాగులు కలిసే చోట, ఎర్రమట్టి గట్టు మీద ఆ కొట్టు ఉండేది. దాని యజమాని ఒక ఏదుపంది. పేరు ముళ్లప్ప. ఆ కొట్టు పెట్టింది ముళ్లప్ప తాత. నిలబెట్టింది తండ్రి గంగప్ప. ఇప్పుడు ముళ్లప్ప వంతు వచ్చింది.

కొర్రలు, సామలు, అరికలు, వేరుశనగలు, కుంకుడుకాయలు, అన్నీ అక్కడ దొరికేవి. కొండ అవతలి నుంచి గోపన్న అనే అడవిపంది సరుకు తెచ్చేవాడు. ముళ్లప్ప బస్తాల లెక్కన కొనేవాడు. మానికల లెక్కన అమ్మేవాడు. మధ్యలో మిగిలిందే అతని బతుకు.

ఆ కొట్టుకు ఒక మంచి పేరు ఉంది. అక్కడ ఎవరూ సరుకు చూసి కొనరు. గింజ నోట్లో వేసుకుని కొరికి చూడరు. వాసన చూడరు. సంచి నోరు తెరిచి పట్టుకుని, ఎటో చూస్తూ కబుర్లు చెబుతారు. సంచి నిండాక మూతి కట్టుకుని వెళ్లిపోతారు.

అలా వచ్చేవాళ్లలో కుందేలు రంగి ఒకతె. మొగుడు లేడు. ముగ్గురు పిల్లలు. కొట్టు గట్టు ఎక్కుతూనే మొదలుపెట్టేది.

"మామయ్యా, ఒక మానిక కొలువు. తొందరగా కొలువు. బుడ్డోడు పక్కింటి వాళ్ల బొరియలో దూరి రానంటున్నాడు."

"ఏం కావాలో చెప్పకుండా ఏం కొలవను రంగీ?"

"పిల్లలు తినేది ఏదైనా సరే. నీ కొట్టులో చెడ్డది ఏముంది గనక?"

ముళ్లప్ప నవ్వుకునేవాడు. ఆ మాట వింటే అతని ముళ్లన్నీ మెత్తబడినట్టు ఉండేది.

ఆ మంచి పేరు ఊరికే రాలేదు. దాని వెనక ఒక పద్ధతి ఉంది. గంగప్ప పెట్టిన పద్ధతి అది. ఏ బస్తా వచ్చినా వచ్చిన రోజు అమ్మకూడదు. వెదురు గొట్టం పొడిచి, బస్తా మూతి దగ్గర ఒక సోల, నడుమ ఒక సోల, అడుగున ఒక సోల గింజలు తీయాలి. వాటిని చెరిగి, దంచి, జావ కాచాలి. ఆ జావ ముందు కొట్టువాళ్లు తాగాలి. మర్నాటికి తాగినవాళ్లు బాగుంటేనే బస్తా కుట్టు విప్పాలి.

ఈ పని చేసేది కొమ్మక్క అనే ముసలి అడవికోడి. ఆమె నాలుక మహా సూక్ష్మం. గింజలో తేడా ఉంటే నాలుక చివర చేదు తెలుస్తుంది. ఇంకా అనుమానంగా ఉంటే గుక్కెడు తాగి కూర్చుంటుంది. తల బరువెక్కుతుందేమో చూసుకుంటుంది. ఆమెకు వేరే కూలి లేదు. ఆ మూడు సోలల్లో మిగిలిందే కూలి.

ఇలా రోజులు సాగుతుండగా వాగు అవతల ఒక కొత్త కొట్టు లేచింది. పెట్టినవాడు దాసు అనే కొండముచ్చు. కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. నాలుగు కర్రలు పాతి, పైన మోదుగాకులు కప్పాడు. కాని మానికకు ఒక గవ్వ తక్కువకు అమ్మాడు.

మొదట ఉడతలు వాగు దాటాయి. తరవాత జింకలు దాటాయి. నెల తిరిగేసరికి ముళ్లప్ప కొట్టు ముందు గడ్డి మొలిచింది.

ముళ్లప్పకు కూడు సహించలేదు. తాత పెట్టిన కొట్టు. తండ్రి నిలబెట్టిన కొట్టు. అది తన చేతుల్లో మూతపడితే ఇక ఈ అడవిలో తల ఎత్తుకు తిరగడం ఎలా? అతనికి అదొక్కటే దిగులు.

భార్య చుక్కమ్మతో అన్నాడు. "ఒక్క గవ్వ కోసం వాగు దాటి పోతున్నారు చూశావా? తరతరాల కొట్టని కూడా లేదు."

"ఒక్క గవ్వ మీకు చిన్నది. పదిమంది పిల్లలున్న ఉడతకు చిన్నది కాదు" అంది చుక్కమ్మ.

"అయితే నేనూ ఒక గవ్వ తగ్గిస్తాను. కాని తగ్గిస్తే నాకు మిగిలేది ఊకే. అందుకని ముందు కొట్టు ఖర్చు తగ్గించాలి."

"అదే మంచిమాట. మొదట ఆ అరుగు వైపు చూడండి."

ముళ్లప్ప చూశాడు. అరుగు మీద నాలుగు ఏదుపందులు బోర్లా పడుకుని ఉన్నాయి. అతని స్నేహితులు. మధ్యాహ్నం వస్తారు, పొద్దు వాలాక పోతారు. వేయించిన వేరుశనగలు నములుతూ, తేనె పానకం తాగుతూ, "కొట్టంటే ముళ్లప్పదే కొట్టు. మిగతావన్నీ గుడిసెలు" అంటూ ఉంటారు.

"వాళ్లా? నలుగురు కూర్చుంటేనే కొట్టుకు కళ" అన్నాడు ముళ్లప్ప.

"ఆ కళ రోజుకు రెండు మానికల వేరుశనగలు తింటోంది. సరే, పైకి చూడండి. నెమలి ఈకల పందిరి. నెలకోసారి కొత్త ఈకలు. ఎండ ఆపుతుందా, వాన ఆపుతుందా?"

"అది పరువే! నీకు తెలియదు."

"పరువే అనుకుందాం. వెనక గదిలో కుంకుడుకాయల సంగతేమిటి? నీ అంత వ్యాపారి కొండకు ఈవల లేడని గోపన్న అన్నాడు. మీరు నలభై బస్తాలు కొన్నారు. అడవి అడవంతా పొద్దున్నే లేచి తలలు రుద్దుకున్నా పదేళ్లకు గాని అవి అయిపోవు."

"ఎప్పటికైనా అమ్ముడుపోతాయిలే."

"ఇక తగ్గించడానికి ఏం మిగిలింది? నేనూ మీరేనా?"

ముళ్లప్ప కోపంగా లేచి వెళ్లిపోయాడు. ఆమె చూపించిన మూడూ నిజంగా దండగే. అతనికీ తెలుసు. కాని ఆ మూడూ అతని సుఖానికీ, అతని గొప్పకూ సంబంధించినవి. వాటి మీద చెయ్యి వేస్తే నొప్పి తనకే కలుగుతుంది. అందుకని ఇంకెవరికి నొప్పి కలిగితే తనకు తెలియదో అటు వెతకడం మొదలుపెట్టాడు. పిల్లలూ, దండగ వెతికేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే వెతుకుతారు.

మొదట కొసరు కనిపించింది. మానిక కొలిచాక మీదట గుప్పెడు వెయ్యడం ఆ కొట్టు ఆచారం. ముళ్లప్ప దాన్ని ఆపేశాడు.

రంగి సంచి పట్టుకుని అలాగే నిలబడింది. "మామయ్యా, కొసరు మరిచిపోయావు."

"మరిచిపోలేదు రంగీ. ఇక కొసరు లేదు. రోజులు బాగాలేవు."

"అయ్యో, అలాగా! ఉంటే వేస్తావు గాని లేకపోతే ఎక్కడి నుంచి తెస్తావులే" అని వెళ్లిపోయింది.

ముళ్లప్ప పెళ్లాం వైపు తిరిగాడు. "చూశావా? ఏమైంది? ఏమీ కాలేదు."

రెండోది ఎండబోత. వచ్చిన గింజల్ని బండ మీద పోసి, రెండు పొద్దులు ఎండలో తిరగబోసేవారు. ఆ పని ఇద్దరు ఉడతలు చేసేవాళ్లు. చేసినందుకు వాళ్లకు చెరొక దోసెడు గింజలు. ముళ్లప్ప వాళ్లను మానిపించాడు. బస్తాలు వచ్చినవి వచ్చినట్టే గదిలోకి ఎక్కించాడు.

పది రోజులు గడిచాయి. గింజలు అలాగే ఉన్నాయి. "చూశావా? ఏమైంది? ఏమీ కాలేదు" అన్నాడు.

మూడోది కొమ్మక్క.

ముళ్లప్ప ఆమెను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. కొట్టులో పనికి చేరకముందు నుంచే, అతని చిన్నప్పుడే, కొమ్మక్క అతన్ని ఎరుగును. అందుకే ఇప్పటికీ చిన్నయ్యా అనే పిలుస్తుంది.

"కొమ్మక్కా, ఇక్కడ ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావు?"

"తొమ్మిదేళ్లు చిన్నయ్యా."

"ఈ తొమ్మిదేళ్లలో ఎన్ని బస్తాలు చెడ్డవని తేల్చావు?"

"రెండు."

"రెండే రెండు! ఆ రెండు బస్తాల కోసం తొమ్మిదేళ్లు బస్తాకు మూడేసి సోలలు పోశాను. నువ్వు తిన్నది ఎంతో, నువ్వు కాపాడింది ఎంతో నువ్వే చెప్పు. పైగా ప్రతి బస్తా ఒక రోజు ఊరికే పడి ఉంటోంది."

"ఆ రెండు బస్తాలను ధర కట్టి చూడకండి చిన్నయ్యా. అవి ఎంతమంది ఇళ్లకు వెళ్లి ఉండేవో చూడండి."

"వెళ్లలేదుగా?"

"వెళ్లలేదు. నేను ఆపాను గనక వెళ్లలేదు."

"అదే నేననేది. ఇన్నేళ్లలో ఈ కొట్టు సరుకు తిని ఒక్కరికి కడుపునొప్పి రాలేదు. ఎప్పుడూ రాని జబ్బుకు రోజూ మందు ఎవరైనా వేస్తారా?"

కొమ్మక్క ముఖం ఎర్రబడింది. కాని గొంతు పెంచలేదు. "నేను చదువుకున్నదాన్ని కాదు. మీలా మాట తిప్పలేను. ఒక్క సంగతి చెప్పి పోతాను. ఈ ఏడు కోతల వేళ వాన పడింది. అరికలు పొలంలోనే తడిశాయి. తడిసిన అరికలకు మత్తెక్కించే బూజు పడుతుంది. చూడ్డానికి గింజ మామూలుగానే ఉంటుంది. తింటే తల తిరుగుతుంది. చిన్న ప్రాణమైతే నిలవదు. అరికలు వస్తే నాకు కబురు పెట్టండి. కూలి ఇవ్వొద్దు. ఊరికే వచ్చి చూసి పోతాను."

"సరే సరే. పెడతాలే" అన్నాడు ముళ్లప్ప.

ఆమె తన చేట సర్దుకుని గట్టు దిగి వెళ్లిపోయింది. అరుగు మీద స్నేహితులు పకపకా నవ్వారు. "తిని పెట్టడానికి కూడా ఒక ఉద్యోగం! భలే పెట్టాడు మీ నాన్న" అన్నాడు ఒకడు. ముళ్లప్ప కూడా నవ్వాడు.

ఆ మర్నాడే మానికకు ఒక గవ్వ తగ్గించాడు. ఉడతలు తిరిగి వచ్చాయి. జింకలు తిరిగి వచ్చాయి. ఏ రోజు బస్తా ఆ రోజే అమ్ముడుపోయింది. కొట్టు ముందు గడ్డి అణిగిపోయింది. ముళ్లప్ప ముఖం వెలిగింది.

"చూశావా? ఏమైంది? ఏమీ కాలేదు" అన్నాడు మూడోసారి.

చుక్కమ్మ చింతకాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు. "ఇంకా కాలేదు" అంది.

తరవాత పదిహేను రోజులకు గోపన్న వచ్చాడు. వెనక పందుల వీపుల మీద ఇరవై బస్తాల అరికలు.

"సగం ధరకు ఇస్తున్నాను ముళ్లప్పా. నువ్వు కాబట్టి. ఆ అవతలి కోతిమూతి వాడికి చూపించను కూడా చూపించలేదు."

"సగం ధరకా? ఎందుకు?"

"ఎందుకేమిటి? స్నేహం!" అన్నాడు గోపన్న. ఆ మాట అంటున్నప్పుడు అతను ముళ్లప్ప ముఖంలోకి చూడలేదు. వాగు వైపు చూశాడు.

ముళ్లప్ప బస్తా కుట్టు ఒక పక్క విప్పి ముక్కు పెట్టాడు. అతని వీపు మీద ముళ్లు లేచి నిలబడ్డాయి. తడిగోడ వాసన. పాత గోనె వాసన. గుప్పెడు తీసి చూశాడు. గింజ మామూలుగానే ఉంది.

కొమ్మక్కకు కబురు పెడదామా అనుకున్నాడు. ఆమె ఉండేది కూతవేటు దూరంలోనే. కూలి కూడా వద్దంది. ఒక్క కేక వేస్తే వస్తుంది.

కాని వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చి చూసి బాగున్నాయంటే సరే. బాగాలేవంటే? ఇరవై బస్తాలు గోతిలో పొయ్యాలి. సగం ధరకు దొరికిన సరుకు. ఈ ఒక్క బేరంతో కొట్టు ఏడాది పాటు నిలబడుతుంది. దాసు కంటే ఇంకో గవ్వ తగ్గించి అమ్మవచ్చు. ఆమె చూడకపోతే బాగాలేవని ఎవరికీ తెలియదు. తనకూ తెలియదు. తెలియకుండా చేసింది తప్పు ఎలా అవుతుంది?

పిల్లలూ, ఇక్కడ బాగా వినండి. ఇంతకుముందు ముళ్లప్ప చేసింది తెలివితక్కువ. ఇప్పుడు చేసింది తెలివితక్కువ కాదు. తెలుసుకోవడానికి దారి ఉంది. ఆ దారికి ఖర్చు కూడా లేదు. అయినా తెలుసుకోకూడదని తనకు తాను నిర్ణయించుకున్నాడు. దీన్ని పాపం అంటారు.

కుట్టు మళ్లీ వేసి, బస్తాలు లోపల పెట్టించాడు.

పొద్దున్నే మొదటి బేరం రంగి.

"మామయ్యా, ఒక మానిక. ఇవాళ జావ కాస్తానన్నాను. బుడ్డోడు లేచిన దగ్గర నుంచి కుండ పక్కనే కూర్చున్నాడు, కదలడు."

"కొర్రలు ఇవ్వనా?" అన్నాడు ముళ్లప్ప.

"అరికలు చవకంట కదా? దారిలో చెప్పుకుంటున్నారు. అరికలే కొలువు."

ముళ్లప్ప చెయ్యి మానిక మీద ఆగింది. వద్దు అనొచ్చు. ఇంకా కుట్టు విప్పలేదు అనొచ్చు. రెండే మాటలు. అతని నోటిదాకా వచ్చాయి కూడా. ఇంతలో వెనక జింకలు, ఉడతలు, పావురాలు వరసగా గట్టు ఎక్కి వస్తూ కనిపించాయి. ఎంత బేరం! నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

మానిక కొలిచి సంచిలో పోశాడు. రంగి సంచి వైపు చూడనే లేదు. బుడ్డోడు కుండకు తల ఆనించి నిద్రపోయిన సంగతి చెబుతూ నవ్వుతోంది. ముళ్లప్పకు మనసులో ఏదో గుచ్చుకుంది. దాన్ని చల్లబరచడానికి ఇంకో గుప్పెడు తీసి సంచిలో వేశాడు.

"కొసరా!" అని రంగి సంబరపడింది. "చాలా రోజులైంది మామయ్యా. మంచి రోజులు మళ్లీ వచ్చినట్టున్నాయే."

మూతి కట్టుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి వార్త వచ్చింది. జింక పిల్లలు రెండు నిలబడలేక తూలుతున్నాయి. పావురాలు చెట్టు మీద నుంచి జారి పడుతున్నాయి. రంగి పిల్లలు ముగ్గురూ నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటున్నారు.

కొమ్మక్క ఎవరూ పిలవకుండానే పరుగెత్తింది. ఇల్లిల్లూ తిరిగి, గోరువెచ్చని నీళ్లు తాగించి కక్కించింది. జింక పిల్లలు తేరుకున్నాయి. పావురాలు తేరుకున్నాయి. రంగి పెద్ద పిల్లలిద్దరూ మెల్లగా కళ్లు తెరిచారు. బుడ్డోడు తెరవలేదు. వాడు రెండు గిన్నెలు తాగాడు. జావ బాగుందమ్మా అని మరీ అడిగి తాగాడు.

పొద్దు వాలకముందే వాడిని గడ్డిలో చుట్టి మట్టిలో పెట్టారు.

ముళ్లప్ప పంతొమ్మిది బస్తాల అరికలు తన చేత్తోనే గోతిలో పోసి పూడ్చాడు. ఆ సాయంత్రం అరుగు మీదికి ఎవరూ రాలేదు. ఏడుపు ఉన్నచోట పానకం దొరకదని ఆ నలుగురికీ తెలుసు.

మర్నాడు అతను ఒక కొర్రల బస్తా వీపు మీద వేసుకుని రంగి బొరియ దగ్గరికి వెళ్లాడు. మేలైన కొర్రలు. బంగారు రంగువి. గుమ్మంలో దించి నిలబడ్డాడు.

రంగి బయటికి వచ్చింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"పిల్లలకు తెచ్చాను రంగీ" అన్నాడు.

ఆమె బస్తా వైపు చూసింది. "ఇవి మంచివేనా?"

"మంచివే. ఒట్టు. నా పిల్లల మీద ఒట్టు."

"నిన్న అడిగినా ఇలాగే ఒట్టు వేసేవాడివి కదూ?"

ముళ్లప్ప బస్తాను ఇంకాస్త ముందుకు జరిపాడు.

"నేను అడగలేదు మామయ్యా. అడగనక్కరలేదనే నీ కొట్టుకు వచ్చాను. చవక కావాలంటే వాగు దాటి పోయేదాన్ని కానా?" అంది రంగి. "తీసుకుపో."

"నువ్వు ఏం కావాలన్నా..."

"నాకేం కావాలో నీ కొట్టులో లేదు. తీసుకుపో."

అతను తీసుకుపోలేదు. బస్తా అక్కడే వదిలి వచ్చేశాడు. ఆ తరవాత వానలకు అది గుమ్మంలోనే తడిసింది, మొలకెత్తింది, కుళ్లింది. అటు వెళ్లిన ఏ పిట్టా ముక్కు పెట్టలేదు.

ఎవరూ ముళ్లప్ప కొట్టు మీదికి రాళ్లు వెయ్యలేదు. పంచాయితీ పెట్టలేదు. తిట్టలేదు. ఊరికే రావడం మానేశారు. తిట్టినా బాగుండు అనిపించింది ముళ్లప్పకు. తిట్టడానికైనా గట్టు ఎక్కేవాళ్లు కదా.

పది రోజులు ఎదురుచూసి, ఇక ఉండబట్టలేక ఒకనాడు వాగు దాటి దాసు కొట్టుకు వెళ్లాడు. అక్కడ కొమ్మక్క నేల మీద కూర్చుని చేటలో గింజలు చెరుగుతోంది. పక్కన చిన్న కుండలో జావ ఉడుకుతోంది. అక్కడ మానిక ధర ఇప్పుడు ఒక గవ్వ పెరిగింది. ఆ ధరకే వరసలో నిలబడి కొనుక్కుంటున్నారు.

ముళ్లప్పకు కడుపు మండింది. "అంతా నీ వల్లే వచ్చింది దాసూ! నువ్వు ఆ ధర పెట్టబట్టే నేను ఖర్చు తగ్గించాల్సి వచ్చింది."

దాసు మోస్తున్న బస్తా దించి చెమట తుడుచుకున్నాడు. "అన్నా, నేను ధర ఎలా తగ్గించానో ఎప్పుడైనా వచ్చి చూశావా? కొండ అవతలి నుంచి బస్తాలు నా వీపు మీద నేనే మోసుకొస్తాను. వారంలో అమ్ముడుపోయేంతే తెస్తాను. నాకు పందిరి లేదు, అరుగు లేదు. నా వీపు మీద తగ్గించాను గాని వాళ్ల పిల్లల మీద తగ్గించలేదు."

"నువ్వు మాత్రం రుచి చూసి అమ్మావా?"

దాసు తల దించుకున్నాడు. "లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? గోపన్న ఆ అరికలు ముందు నా దగ్గరికే తెచ్చాడు. ఇరవై బస్తాలు పెట్టుకోడానికి చోటు లేక వద్దన్నాను. చోటుంటే కొనేవాణ్నే. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు వణుకుతుంది. అందుకే మర్నాడే కొమ్మక్క ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. ఒక గవ్వ పెంచాను. ఎందుకు పెంచానో అందరికీ చెప్పాను. ఒక్కరూ బేరమాడలేదు."

ముళ్లప్ప కొమ్మక్క వైపు చూశాడు. "కొమ్మక్కా, తిరిగి వస్తావా? బస్తాకు ఆరు సోలలు ఇస్తాను."

ఆమె చేట ఆపకుండానే అంది. "ఇప్పుడు ఎవరి కోసం చూడమంటారు చిన్నయ్యా? తినేవాళ్లు ఎక్కడున్నారు?"

అతను తిరిగి వచ్చి కొట్టులో కూర్చున్నాడు. ఆ వారమే నెమలి ఈకలు పీకేశాడు. కుంకుడుకాయలు వాగులో పోశాడు. గోపన్న ముఖం మీద తలుపు వేశాడు. చుక్కమ్మ ఎప్పుడో చెప్పినవన్నీ ఒక్కటొక్కటిగా చేశాడు. ఆమె చూస్తూ ఉంది గాని, ఇప్పుడు చేసి ఏం లాభమని మాత్రం అనలేదు. ఆ మాట అతని ముఖం మీదే ఉంది.

అప్పుడు ధర తగ్గించాడు. ఎవరూ రాలేదు. సగం చేశాడు. ఎవరూ రాలేదు. చివరికి ఒక బుట్ట నిండా వేరుశనగలు వేయించి గట్టు కింద దారి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఊరికే తీసుకోండి అని వచ్చే పోయేవాళ్లను పిలిచాడు. జింకలు తల తిప్పుకుని పోయాయి. ఉడతలు దారి మార్చి చెట్ల మీదుగా పోయాయి.

మూడో రోజు ఒక కుందేలు పిల్ల గెంతుకుంటూ వచ్చి ఆగింది. వేయించిన వేరుశనగల వాసనకు దాని ముక్కు అదిరింది. ముళ్లప్ప దాన్ని గుర్తుపట్టాడు. రంగి నడిమి పిల్ల. ఆ జబ్బు తగ్గాక దాని మెడ ఒక పక్కకు వాలిపోయింది. ఇక సరి కాలేదు.

దోసెడు వేరుశనగలు తీసి పిల్ల చేతిలో పెట్టాడు. "తిను తల్లీ. నేనూ తింటున్నాను చూడు" అని తన నోట్లో రెండు వేసుకున్నాడు. పిల్ల కూడా నోటి నిండా వేసుకుంది.

అంతలో వెనక నుంచి రంగి వచ్చింది. పిల్లను చూసింది. బుట్టను చూసింది. ముళ్లప్పను చూడలేదు.

"ఉమ్మెయ్" అంది.

"ఊరికే ఇచ్చాడమ్మా! మంచి వాసన..."

"ఊరికే ఇచ్చినా సరే. ఉమ్మెయ్."

పిల్ల ఉమ్మేసింది. చేతిలోవి కూడా దుమ్ములో పారేసింది. రంగి దాని చెయ్యి పట్టుకుని వాగు వైపు నడిపించుకు వెళ్లింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

వాళ్లు కనుమరుగయ్యేదాకా ముళ్లప్ప కదలలేదు. తరవాత కిందికి వంగి, దుమ్ములో పడిన వేరుశనగలు ఒక్కొక్కటే ఏరాడు. మట్టి ఊదుకున్నాడు. దండగ కాకూడదని మళ్లీ బుట్టలో వేసుకున్నాడు.

నీతి: ఖర్చు తగ్గించదలచినవాడు ముందు తన సుఖం దగ్గర, తన గొప్ప దగ్గర మొదలుపెట్టాలి. నమ్మి కొనేవాళ్ల క్షేమం కోసం పెట్టే ఖర్చును తగ్గించుకున్న వ్యాపారి ఆ తరవాత సరుకు ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు.